ఏటి మెట్లు

గద్వాల చీర ఎంచడం తెలిసినవాళ్ళు చీర మధ్యలో చూడరు. అంచు తిరగేసి చూస్తారు. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు గుణం వేరు, పట్టు గుణం వేరు. ఆ రెంటినీ సూదీ దారం లేకుండా మగ్గం మీదనే పోగుకి పోగు మెలివేసి కలుపుతారు. దాన్ని కుప్పడం అంటారు. నేతగాడి పనితనమంతా ఆ కలిసే చోటనే ఉంటుంది. అక్కడ చెయ్యి ఏమరితే ఎంత ఖరీదు చీరైనా అంచు ఒకదారీ ఒళ్ళు ఒకదారీ పడతాయి.

ఊరికీ ఏటికీ మధ్య ఉండే ఒడ్డు కూడా అలాంటిదే. ఇటు నేల, అటు నీళ్ళు. గుణాలు కలవని రెండింటిని కలిపే చోటు అది. ఆ కలిపే పని మన పెద్దవాళ్ళు ఎలా చేశారు, మనం ఎలా చేస్తున్నాం అన్నదే ఈ కబుర్లు.

గద్వాలతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఆ నేలని నడిగడ్డ అంటారు. తిరుమల బ్రహ్మోత్సవాలకు గద్వాల నుంచి స్వామివారికి వెళ్ళే పంచెల్ని ఏరువాడ జోడు పంచెలంటారు. కట్టే బట్ట పేరులో కూడా ఏరు ఉన్న సీమ అది. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లాని విడదీసినప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలయ్యాయి. జిల్లాలు వేరైనా ముగ్గురికీ కృష్ణమ్మ చుట్టరికం మాత్రం పోలేదు.

ఈమధ్య ఏ నగరం సంగతి ఎత్తినా నదీతీర ఉద్యానవనం అనే మాట వినబడుతోంది. వెంటనే ఒక రంగుల బొమ్మ కూడా వేసి చూపిస్తున్నారు. చూశారా ఆ బొమ్మలు? నున్నటి రాతి బాట, వరసగా దీపస్తంభాలు, పచ్చిక, బెంచీల మీద ఎవరో నవ్వుతూ కూర్చుని ఉంటారు. నాకు వాటిలో ఎప్పుడూ అర్థం కానిది ఏరే. ఫోటోకి కూర్చోబెట్టిన బుద్ధిమంతుడైన పిల్లవాడిలా నీళ్ళు ఒడ్డుకి సరిగ్గా రెండడుగుల కింద కదలకుండా ఉంటాయి. అది శ్రావణమాసమో వైశాఖమాసమో తెలియదు. నిజం ఏరు అలా ఎక్కడైనా నిలబడుతుందా? జూలైలో ఎర్రగా ఉరికివచ్చి ఇంటి గడపని పలకరిస్తుంది. ఏప్రిల్‌లో ఇసక మధ్యన ఎక్కడో సన్నగా దాక్కుంటుంది.

ఈ సంగతి మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. అందుకే వాళ్ళు ఏటి ఒడ్డున మెట్లు కట్టారు.

మెట్లలో ఏముంది వింత అంటారేమో. ఒక్క క్షణం ఆలోచించండి. గోడ ఒక్క నీటిమట్టానికే ఒడ్డు. నీళ్ళు తగ్గితే అది అగడ్త, పెరిగితే అది అడ్డం. మెట్టు అలా కాదు. నీళ్ళు పైకి వస్తే పై మెట్టు ఒడ్డు, కిందికి పోతే కింది మెట్టు ఒడ్డు. ఏ నెలలో వచ్చినా, ఎంత నీరున్నా, చంటిపిల్లని చంకనేసుకున్న ఆడమనిషికి కూడా కాలు పెట్టడానికి ఒక చోటు ఉంటుంది. ఏరు ఎలా ఉంటే అలా ఉండనిచ్చి దాని దగ్గరికి మనమే దిగి వెళ్ళే ఏర్పాటు అది.

మెట్లకి పైన ఒక రావిచెట్టు, దాని చుట్టూ అరుగు, పక్కన ఒక గుడి. ఇంక కావలసిందేముంది? తెల్లవారుజామున స్నానాలు, పొద్దెక్కాక బిందెలు, మధ్యాహ్నం చాకిరేవు, సాయంకాలం పురాణం. కార్తికంలో దీపాలు. పూల పండుగకి బతుకమ్మలు. రాజులు గుళ్ళు కట్టించారని శాసనాలు చెబుతాయి. ఆ గుళ్ళ ముందు మెట్లని అరగదీసిన పాదాలు ఎక్కువగా ఆడవాళ్ళవి. ఆ సంగతి ఏ శాసనంలోనూ లేదు, మెట్టు మీద ఉన్న నునుపులో ఉంది. ఇంటి నాలుగు గోడల మధ్య చెప్పుకోలేని మాటలు చెప్పుకునే చోటు కూడా ఆ రేవే. వాళ్ళెవరూ దాన్ని ఉద్యానవనం అనలేదు, అంతే.

ఇప్పుడు అలంపురం వెళ్దాం. తుంగభద్ర పడమటి ఒడ్డున, కృష్ణతో అది కలిసే చోటికి దగ్గరలో ఉన్న ఊరు. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాలలో కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడ ఉన్నాయి. బాలబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ అంటూ పేరుకి తొమ్మిదిమంది బ్రహ్మలు, లోపల మాత్రం శివుడే. పద్దెనిమిది శక్తిపీఠాలలో ఒకటైన జోగులాంబ కూడా అక్కడే కొలువై ఉంది. 14వ శతాబ్దంలో ఆవిడ గుడి కూలిపోతే విగ్రహాన్ని బాలబ్రహ్మ గుడిలో దాచి కొలిచారు. మళ్ళీ 2005లో గాని అమ్మవారు తన పాత చోట కట్టిన కొత్త గుడికి వెళ్ళలేదు. అన్ని వందల ఏళ్ళు ఒకరింట్లో తలదాచుకుని సొంతింటికి వచ్చిందన్నమాట!

గుళ్ళేమో తూర్పు వైపు, అంటే ఏటి వైపు చూస్తుంటాయి. కాని ఇప్పుడు వాటికీ ఏటికీ మధ్య పెద్ద గోడ ఉంది.

ఆ గోడ కథ శ్రీశైలంలో మొదలవుతుంది. 1963లో నెహ్రూగారు శ్రీశైలం ఆనకట్టకి శంకుస్థాపన చేశారు. 885 అడుగుల మట్టం దాకా నీళ్ళు నిలబెట్టాలని లెక్క. అంతవరకూ నీళ్ళు నిలబడితే వెనక్కి కృష్ణా తుంగభద్రల లోయలంతా ఆ నీళ్ళు పాకుతాయి. 1981 ఎండాకాలంలో ఊళ్ళు ఖాళీ చేయించారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా గ్రామాలు ఆ నీళ్ళ కిందికి పోయాయి. కరెంటు వచ్చింది, తరువాత సాగునీరూ వచ్చింది. వెలుగు వచ్చిన ఇళ్ళు వేరు, దీపం పెట్టే దిక్కులేకుండా పోయిన ఇళ్ళు వేరు.

మనుషుల సంగతి అలా జరిగినా, గుళ్ళ విషయంలో మాత్రం పురావస్తుశాఖవాళ్ళు ఎంతో శ్రద్ధ తీసుకున్నారు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉన్న సంగమేశ్వరాలయాన్ని రాతికి రాయి విప్పి, అంకెలు వేసి, మోసుకొచ్చి అలంపురం దగ్గర మళ్ళీ అదే వరసలో పేర్చారు. పాపనాశనం గుళ్ళూ అలాగే తరలివచ్చాయి. జటప్రోలు మదనగోపాలస్వామి, సోమశిల సోమేశ్వరుడు కూడా మెరక చూసుకుని కొత్త కాపురాలు పెట్టారు. నవబ్రహ్మ ఆలయాలని మాత్రం కదపలేదు. వాటికి అడ్డంగా, వెనక్కి తన్నే నీళ్ళు లోపలికి రాకుండా, ఆ గోడ కట్టారు.

ఓ కార్తికమాసంలో అలంపురం వెళ్ళినప్పుడు గుడి ఆవరణలో ఒక అవ్వ కనిపించింది. చేతిలో ఆకుదొన్నె, అందులో ఆవునెయ్యి వత్తి. అటూ ఇటూ చూస్తోంది.

"అమ్మా, ఏటికి దోవ ఎట్ల?" అని అడిగింది.

"గోడవతల ఘాట్ ఉందవ్వా, ఇటునుంచి చుట్టూ తిరిగి వెళ్ళాలి," అన్నాను.

"నేను కొత్తకోడలిగ వచ్చినప్పుడు గుడి దిగితే ఏరేనమ్మా. అడిగేదేముండె!" అంది.

నెమ్మదిగా చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళాను. దీపం వదిలింది. కాని ఆ మాట నన్ను వదల్లేదు. దోవ అడగాల్సిన పనిలేని ఏటికి దోవ అడగాల్సి రావడం!

గోడ కట్టినవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2009 అక్టోబరు మొదటివారంలో తుంగభద్ర పొంగి కర్నూలు నగరాన్ని ముంచేసింది. అలంపురం కూడా ఆ వరదలో చిక్కుకుంది. అలాంటి నీటి ముందు పదమూడు వందల ఏళ్ళ రాళ్ళని అండ లేకుండా వదిలేయమని ఎవరనగలరు? గోడ అవసరమే. కాని కూడవెల్లి రాళ్ళకి అంకెలు వేసినంత శ్రద్ధగా ఒడ్డుకి కూడా ఎవరైనా లెక్క రాసుకున్నారా? ఏ మెట్టు ఎంత వెడల్పు, ఏ చెట్టు కింద ఎవరు కూర్చునేవారు, ఏ రేవులో పడవ ఆగేది, ఇవన్నీ రాళ్ళలాగే విప్పి మోసుకురావలసిన సామాన్లు కావూ? గుడిని తరలించాం, గుమ్మాన్ని తరలించడం మరిచిపోయాం.

కృష్ణకి అవతలి ఒడ్డున, ఇప్పటి నంద్యాల జిల్లాలో, సప్తనదుల సంగమేశ్వరం ఉంది. దాని కథ ఇంకో రకం. ఆ గుడి శ్రీశైలం నీళ్ళలో మునిగిపోయి, ఇరవై ఏళ్ళకు పైగా కనిపించకుండా ఉండి, 2003 ఎండల్లో మళ్ళీ తల ఎత్తింది. అప్పటినుంచి చాలా ఏళ్ళు, ఎండాకాలం రాగానే నీళ్ళు తగ్గి గుడి బయటపడడం, బురద కడిగి పూజ చెయ్యడం, వానలు రాగానే మళ్ళీ మునగడం జరుగుతూనే ఉంది. సోమశిల వైపునుంచి పడవలో వెళ్ళి చూసి వస్తుంటారు. అంటే ఈ నీళ్ళు చెరువులా నిలకడైనవి కావు, ఏరులా పారేవీ కావు. ఏడాదిలో కొన్నాళ్ళు సముద్రం, కొన్నాళ్ళు బురదపొలం. ఇలాంటి ఒడ్డున బొమ్మలోని ఉద్యానవనం పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? శ్రావణానికి బెంచీలు నీళ్ళలో, చైత్రానికి అవే బెంచీల ముందు ఎండిన ఒండ్రు.

మన దగ్గర ఏటి ఒడ్డున తోట ఇంతకు ముందు ఎవరూ వెయ్యలేదా అంటే, వేశారు. అది హైదరాబాదులో.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద సంగతి మీరు వినే ఉంటారు. పదిహేను వేలమంది దాకా పోయారంటారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టుని ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన నగరంలోనే కూర్చుని గోడ ఎంత ఎత్తు కట్టాలా అని లెక్క వెయ్యలేదు. ఎగువకి వెళ్ళి చూశారు. మూసీకి నీళ్ళు దిగే సీమలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగాయని తేల్చారు. కనుక నీళ్ళని పైనే ఆపాలన్నారు. అలా వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. దానితోపాటు ఊళ్ళో ఒడ్లు ఎత్తు చేసి, తోటలు వేసి, జనం షికారు చేసేలా తీర్చిదిద్దాలని కూడా ఆయన చెప్పారు. 1912లో నగరాభివృద్ధికి ఒక బోర్డు ఏర్పడింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ, అసఫియా గ్రంథాలయం ఆ ఒడ్లమీదనే లేచాయి. ఎంత అందమైన ఒడ్డు!

మరి అంత అందం ఏమైందంటే, ఒడ్డు బాగుంది గాని నీళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నగరం పెరిగింది. జనం పెరిగారు. మురుగంతా ఏట్లోకి దారి తీసింది. 1990ల చివర్లో నందనవనం అనే పేరుతో మళ్ళీ తోటల ఆలోచన చేశారు. ముందు ఒడ్డున గుడిసెలవాళ్ళు కదలవలసివచ్చింది గాని మురుగు మాత్రం కదల్లేదు. 2020 అక్టోబరు వానలకి మూసీ మళ్ళీ తన పాత హద్దులు చూసుకుంది. వంటిల్లు కడగకుండా ముందుగదిలో పూలకుండీ పెడితే ఇల్లు శుభ్రంగా ఉన్నట్టా? ఆ మాత్రం మన ఇళ్ళల్లో పదేళ్ళ పిల్లకి కూడా తెలుసు.

దూరదేశం సంగతి ఒకటి చెబుతాను. దక్షిణ కొరియా రాజధాని సియోల్ నడిబొడ్డున చొంగ్యేచొన్ అనే వాగు ఉంది. ఒకప్పుడు ఆడవాళ్ళు అక్కడ బట్టలు ఉతుక్కునేవారు. మురికి పెరిగిందని 1950ల చివర్నుంచి దాని మీద కాంక్రీటు కప్పారు. తరువాత ఆ కప్పు మీద ఎత్తైన రోడ్డు కూడా వేశారు. వాగు ఉందన్న సంగతే ఒక తరం మరిచిపోయింది. 2003లో ఆ రోడ్డు పగలగొట్టడం మొదలుపెట్టి 2005కల్లా సుమారు ఆరు కిలోమీటర్ల వాగుని బయటికి తీశారు. జనం మెట్లు దిగి వెళ్ళి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. 15వ శతాబ్దం నాటి రాతి వంతెనని తవ్వి తీసి, పాత చోట కుదరక, కాస్త ఎగువకి జరిపి నిలబెట్టారు. మన కూడవెల్లి గుడిలాగే! అయితే ఆ వాగులో పారే నీళ్ళలో ఎక్కువ భాగం హాన్ నది నుంచి పంపులతో తోడి పోస్తున్నవే. అందువల్ల ఇది నిజం వాగు కాదు, పొడుగాటి నీటితొట్టి అని విమర్శించేవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. జనానికి దారి ఇచ్చారు. నీటికి దాని దారి ఇవ్వలేకపోయారు.

ఇక మన వనపర్తి సంస్థానం వాళ్ళ ముచ్చట. అక్కడి చెరువులకి సప్తసముద్రాలని పేరు. శ్రీరంగాపురంలో రంగనాయకస్వామి గుడి రంగసముద్రం ఒడ్డునే ఉంటుంది. అక్కడ గుడిదీ నీటిదీ ఒకే పేరు, ఒకే కాపురం. మధ్య ఎవరూ అడ్డం లేరు. వనపర్తికి దగ్గరలోనే 1959లో సరళాసాగర్ కట్టారు. తలుపులెత్తే మనిషి లేకుండానే, నీరు ఒక మట్టానికి రాగానే సైఫన్లు తమంతట తామే తెరుచుకునే ఏర్పాటు అందులో ఉంది. నీటి మనసు తెలుసుకుని నడుచుకునే విద్య అది కూడా. అంతటి ప్రాజెక్టు కట్ట కూడా 2019 డిసెంబరు 31న తెగింది. మళ్ళీ కట్టుకున్నారనుకోండి. నాగర్‌కర్నూలులో కేసరి సముద్రం కట్టని మినీ ట్యాంక్‌బండ్ చేశారు. సాయంకాలం ఆడవాళ్ళు పిల్లలతో నాలుగడుగులు వెయ్యడానికి ఊళ్ళో ఒక చోటు దొరకడం చిన్న విషయం కాదు. కాకపోతే కట్ట మీద నడవడంతో ఆగిపోకుండా నీటిదాకా దిగే వీలు కూడా ఉండాలని నా ఆశ.

ఇంతకీ నన్ను ఎవరూ అడగలేదు గాని, అలంపురంలోనో సోమశిలలోనో గద్వాల దగ్గర నది అగ్రహారంలోనో ఏటి ఒడ్డున తోట వెయ్యమంటే ఇలా వేస్తాను.

ముందు ఊరి మురుగు సంగతి చూస్తాను. అది శుభ్రపడే ఏర్పాటు లేకుండా ఒక్క పూలమొక్క కూడా నాటను.

తరువాత ఒడ్డుని మూడు వరసలుగా అనుకుంటాను. అట్టడుగు వరస ఏటిదే. ఏడాదిలో సగం నాళ్ళు మునిగినా చావని రెల్లు, జమ్ము, తుంగ అక్కడ పెరగాలి. వాటి వేళ్ళు ఒండ్రుని పట్టి ఉంచుతాయి, మురికిని కొంత పీల్చుకుంటాయి. చేపలు గుడ్లు పెట్టుకునే పురిటిగది కూడా అదే. శరత్కాలంలో రెల్లు తెల్లగా పూస్తే ఏ పెంపుడు తోట దానికి సాటి? రెండో వరస పెద్ద వరద వచ్చినప్పుడు మాత్రమే తడిసే చోటు. ఏరుమద్ది, కానుగ, నేరేడు అక్కడ ఉండాలి. కాళ్ళు తడిసినా వాటికి జలుబు చెయ్యదు. పై వరసలో రావి, వేప, మర్రి, మారేడు, చింత. చింతచెట్టు అవసరం ఏమిటో మూసీ చెప్పనే చెప్పింది. దుకాణాలూ, మరుగుదొడ్లూ, దీపాలూ ఆ పై వరసలోనే ఉండాలి. బొమ్మలోని పచ్చిక మాత్రం వద్దు. దాన్ని బతికించడానికి ఏటిలో నీళ్ళు దానికే పోయాల్సి వస్తుంది.

ఈ మూడు వరసలనీ కలుపుతూ పైనుంచి అడుగుదాకా మెట్లు ఉంటాయి. ముసలివాళ్ళ మోకాళ్ళని తలుచుకుని కట్టిన మెట్లు. అంటే ఎత్తు తక్కువ, వెడల్పు ఎక్కువ, పట్టుకోవడానికి ఒక కడ్డీ, పాచి పట్టినా జారని గరుకు రాయి. పక్కనే ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి తలుపు గడియ సరిగ్గా పడే గది. నవ్వకండి. పుష్కరాలకి వెళ్ళివచ్చిన ఏ ఆడదాన్నైనా అడగండి, తడిబట్టలతో ఎక్కడికి వెళ్ళాలో తెలియక నిలబడ్డ సంగతి చెబుతుంది. గోడ ఉండవలసిన చోట గోడ ఉండనీ. గోడకి ఇటూ అటూ కూడా మెట్లు కడితే, గుడిలోంచి బయటికి వచ్చిన మనిషి నాలుగు మెట్లెక్కి ఏటిని చూసి, మళ్ళీ నాలుగు మెట్లు దిగి నీళ్ళు తలమీద చల్లుకోవచ్చు. వరద రోజుల్లో గోడ తన పని తాను చేసుకుంటుంది.

మునిగిపోయిన ఊళ్ళ పేర్లు ఆ మెట్లకి పెడతాను. ఒక్కో మెట్టు మీద ఒక్కో ఊరు. ఎండాకాలంలో అన్ని పేర్లూ కనిపిస్తాయి. వానాకాలంలో ఒక్కొక్కటే మునుగుతుంది. ఏ ఊరు ఎలా మునిగిందో పిల్లలకి చెప్పడానికి వేరే పాఠం అక్కర్లేదు.

2028లో మళ్ళీ కృష్ణా పుష్కరాలు వస్తాయి. 2032లో తుంగభద్రకి. పుష్కరాలంటే ఘాట్లు కడతారు, డబ్బూ వస్తుంది. పన్నెండు రోజుల స్నానాల కోసం కట్టే మెట్టు మిగతా పన్నెండేళ్ళూ ఎవరికి పనికొస్తుందని ముందే అడిగితే, అదే ఖర్చుతో ఊరికి ఒక ఒడ్డు మిగులుతుంది.

పాత రేవుల్లో కాపురాలకి వచ్చిన కొత్తకోడళ్ళకి ఇప్పుడు డెబ్భై దాటాయి. నీళ్ళు ఏ నెలలో ఎక్కడిదాకా వచ్చేవి, ఏ చెట్టు కింద చల్లగా ఉండేది, ఏ రాయి దగ్గర సుడి ఉండేది వాళ్ళకి నోటిలెక్క. ఆ లెక్క ఏ ఆఫీసు ఫైల్లోనూ లేదు. ఒడ్డున తోట బొమ్మ గీసే ఇంజనీరుగారింట్లో కూడా ఒక అమ్మమ్మ ఉండే ఉంటుంది. పెన్సిలు పట్టుకునే ముందు ఆవిడ పక్కన ఓ పూట కూర్చోమనండి. మన ఇళ్ళల్లో ఉన్నవాళ్ళని మనమూ అడిగి రాసి పెట్టుకుందాం. ఇంకో పుష్కరం నాటికి అడగడానికి వాళ్ళు ఉండకపోవచ్చు.